పెరటి ఇల్లా, స్థల విభజనా, స్టేషన్ పక్క అపార్ట్‌మెంట్లా: ఏది మేలు?

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో సొంత ఇల్లున్న తెలుగువారు ఈమధ్య పదేపదే ఒకే ప్రశ్న అడుగుతున్నారు. స్థలానికి ఒకే ఇల్లు అన్న పద్ధతిలో పెరిగిన ఫ్రీమాంట్, కూపర్టినో, డబ్లిన్ వంటి ఊళ్లలో ఇళ్ల సంఖ్య పెరగక తప్పదని కాలిఫోర్నియా రాష్ట్ర చట్టాలు తేల్చేశాక, ఏ రూపంలో పెరిగితే ఇరుగుపొరుగుతో తగవు తగ్గుతుంది, పని కూడా జరుగుతుంది అన్నదే ఆ ప్రశ్న. పార్కింగ్, బడులు, పక్కవారి పెరట్లోకి చూపు, ఇంటి ధర వంటి అభ్యంతరాలు ఏ మార్గంలోనైనా ఇంచుమించు ఒక్కటే కాబట్టి వాటిని ఏకరువు పెట్టను. ఆ అభ్యంతరాలకు అనుమతిని ఆపే శక్తి ఉందా లేదా అన్నదే అసలు చూడవలసిన విషయమని నా అభిప్రాయం.

సిటీ కౌన్సిల్ విచక్షణకు వదిలిన ప్రాజెక్టు బహిరంగ విచారణకు వెళ్తుంది. అక్కడికి వచ్చి మాట్లాడేది ఇప్పటికే ఆ వీధిలో ఇల్లున్నవారు. రాబోయే ఇంట్లో ఉండబోయేవారెవరో ఇంకా ఎవరికీ తెలియదు గనుక వారి తరఫున మాట్లాడేవారు అరుదు. పైగా 1978 నాటి ప్రొపొజిషన్ 13 వల్ల పన్ను లెక్కకు తీసుకునే ఇంటి విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు కాబట్టి, కొరత వల్ల ధరలు ఎంత ఎగబాకినా పాత యజమానికి ఆ సెగ పన్నులో తగలదు, ఆస్తి విలువ మాత్రం పెరుగుతుంది. ఇలాంటి ఏర్పాటులో వద్దనడానికి ఎవరికీ ఖర్చు లేదు. అందుకే కొలతలు నిబంధనలకు సరిపోతే అధికారి అనుమతి ఇచ్చి తీరవలసిన మార్గమే మేలని నేను భావిస్తాను. నిన్నగాక మొన్న వచ్చి చేరిన మనవాళ్లే ఊరి స్వభావం మారిపోతోందని వాపోవడం వింతే అయినా, ఇల్లు కొన్న మరునాటినుంచి అందరి లెక్కా అలాగే మారుతుంది.

ఈ కొలబద్దతో చూస్తే పెరటి ఇల్లు, అంటే అందరూ ఏడీయూ అనే కట్టడం, ముందు వరసలో నిలుస్తుంది. 2016 నుంచి వరుసగా వచ్చిన సవరణల వల్ల దీనికి విచారణ లేదు. పూర్తి దరఖాస్తు అందిన 60 రోజులలో నగరం తేల్చాలి. పక్కన, వెనుక 4 అడుగులు వదిలి 800 చదరపు అడుగులలోపు కట్టుకుంటే, స్థలంలో ఇంత శాతమే కట్టాలన్న నగర నిబంధన కూడా అడ్డు రాదు. 750 లోపైతే ఇంపాక్ట్ ఫీజు, అంటే కొత్త కట్టడం వల్ల వసతులపై పడే భారానికి వసూలు చేసే రుసుము, ఉండదు. పన్ను అధికారులు కొత్త కట్టడపు విలువను మాత్రమే కలుపుతారు, పాత ఇంటి విలువను తిరగదోడరు. అన్నిటికంటే ముఖ్యంగా, ఏడీయూను నిషేధించే హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) నిబంధన 2020 నుంచి చెల్లదు. ఫలితం అంకెలలో కనిపిస్తుంది: 2016లో రాష్ట్రమంతటా 2,000 లోపున్న అనుమతులు 2022 నాటికి 20,000 దాటాయి. లోపం లేదని కాదు. ఆర్నెల్లకు వచ్చే అమ్మానాన్నల కోసం కట్టి మిగతా ఆర్నెల్లు తాళం వేసి ఉంచితే ఆ ఊరికి కొత్త ఇల్లేమీ చేరినట్టు కాదు.

2022 జనవరిలో అమలులోకి వచ్చిన స్థల విభజన చట్టం ఎస్‌బీ 9 కాగితం మీద ఇంతకంటే ఉదారమైనది. స్థలాన్ని రెండుగా విడగొట్టి, ఒక్కొక్క భాగంలో రెండేసి చొప్పున మొత్తం నాలుగు ఇళ్లు కట్టుకోవచ్చు, దీనికీ విచారణ లేదు. అయితే విభజన కోరే యజమాని అక్కడే మూడేళ్లు నివసించే ఉద్దేశం ఉందని ప్రమాణపత్రం ఇవ్వాలి. హెచ్‌ఓఏ ఒప్పందాల విషయంలో ఈ చట్టం మౌనం వహించింది కాబట్టి, ఏడీయూను ఆపలేని సంఘమే దీన్ని ఆపగలదు. నగరాలు కూడా ఊరుకోలేదు. ఉడ్‌సైడ్ అనే సంపన్నుల ఊరు తమ ప్రాంతమంతా కొండ సింహాల ఆవాసమని, కనుక చట్టం తమకు వర్తించదని 2022లో ప్రకటించి, రాష్ట్ర అటార్నీ జనరల్ మందలించాక వెనక్కి తగ్గింది. తర్వాత 2024 నాటి ఎస్‌బీ 450 దీనికీ 60 రోజుల గడువు పెట్టింది గానీ, హెచ్‌ఓఏ చిక్కు విప్పలేదు.

కొరత తీరాలంటే మాత్రం పెద్ద భవనాలు తప్పవని ఒప్పుకోవాలి. కూపర్టినోలోని వాల్కో మాల్ స్థలంలో ఏం కట్టాలన్నదానిపై 2016లో ఓటుకు పెట్టిన రెండు ప్రతిపాదనలూ వీగిపోయాయి. ఆ మాల్ యజమానే 2018 మార్చిలో, విచారణ లేకుండా అనుమతి ఇచ్చే ఎస్‌బీ 35 అనే రాష్ట్ర చట్టం కింద 2,402 ఇళ్లకు, వాటిలో సగం తక్కువ ఆదాయం వారికి కేటాయిస్తూ, దరఖాస్తు చేస్తే సెప్టెంబరుకల్లా అనుమతి వచ్చింది. ఆ తర్వాత స్థానికులు వేసిన కేసు 2020 మేలో గానీ కోర్టులో తేలలేదు. 2025లో సంతకమైన ఎస్‌బీ 79 రైలు స్టేషన్లకు అర మైలు లోపు బహుళ అంతస్తులకు దారి తెరిచింది కనుక, బే ఏరియా లోకల్ రైలైన బార్ట్ స్టేషన్లకు దగ్గరి కాలనీలలో తర్వాతి తగవు దీని మీదే. బిల్డర్స్ రెమెడీ అనే నాలుగో దారి నగరం గృహప్రణాళిక సకాలంలో ఆమోదింపజేసుకోనప్పుడు నగర నిబంధనలను దాటి కట్టడానికి బిల్డర్లకు దొరికే అవకాశమే గనుక, ఇంటి యజమాని ఎంచుకునే పట్టికలో దానికి చోటు లేదు.

కాబట్టి ఒక కుటుంబం తన స్థలంలో చేయగలిగిన పనిగా చూస్తే నా ఓటు ఏడీయూకే. స్థలం పెద్దదై, హెచ్‌ఓఏ లేక, ఒక భాగాన్ని పిల్లలకు ఇవ్వాలనో అమ్మాలనో ఉన్నవారికి ఎస్‌బీ 9 నప్పుతుంది. వారు ఆర్కిటెక్టుకు బయానా ఇచ్చే ముందు ఇల్లు కొన్నప్పుడు సంతకం చేసిన సీసీ అండ్ ఆర్ పత్రాలను, అంటే హెచ్‌ఓఏ షరతుల ఒప్పందాన్ని, ఒకసారి బయటికి తీసి చదువుకోవాలి.