డిజిటల్ గేమ్స్ కలిపి ఇస్తానంటే ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి, నా 11 వేలు పోయాయి

సెకండ్ హ్యాండ్ కన్సోల్ (టీవీకి పెట్టి గేమ్స్ ఆడుకునే మెషిన్) కోసం చూస్తున్నవాళ్ళు దయచేసి ఇది మొత్తం చదవండి. మన సిటీ గ్రూపుల్లో "ఫుల్ లోడెడ్, బోలెడు గేమ్స్ ఫ్రీ" అని వారం వారం పోస్టులు పెడుతుంటాడు కదా, మీలో సగం మందికి తెలిసే ఉంటాడు, అతని దగ్గరే కొన్నాను. కంప్లైంట్ ఇచ్చాను కాబట్టి పేరు, నంబరు ఇక్కడ రాయట్లేదు. కానీ చేతులు వణికేంత కోపంగా ఉంది, ఇంకొకళ్ళకి ఇలా జరగకూడదనే ఈ పోస్టు.

మా తమ్ముడికి ఇంటర్ మార్కులు బాగా వస్తే కొనిస్తానన్నాను, వచ్చాయి. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి వాడినదే చూశాం. డిస్క్ డ్రైవ్ లేని మోడల్ (గేమ్స్ నెట్‌లో కొని డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే, వాటినే డిజిటల్ గేమ్స్ అంటారు), బాక్స్ ఉంది, బిల్లు ఉంది, కంట్రోలర్ బాగుంది. కూకట్‌పల్లిలో వాళ్ళ రూమ్‌కి పిలిచి టీవీకి పెట్టి ఒక్కో గేమ్ ఓపెన్ చేసి మరీ చూపించాడు. బయట ఆ కన్సోల్‌కి నడుస్తున్న రేటు మీద 11 వేలు ఎక్కువ చెప్పాడు, ఎందుకంటే కొత్త గేమ్ ఒక్కోటి 5 వేల దాకా ఉంది, ఇన్ని గేమ్స్ ఉన్నాయి కాబట్టి నీకే లాభం బ్రో అన్నాడు. "నా అకౌంట్ ఇందులో అలాగే ఉంటది, నువ్వు నీ అకౌంట్ పెట్టుకుని ఆడుకో, లైఫ్‌టైమ్" అన్నాడు. ఆ లైఫ్‌టైమ్ అన్న మాట వాట్సాప్‌లో కూడా రాశాడు, నా దగ్గర స్క్రీన్‌షాట్ ఉంది. యూపీఐలో మొత్తం కొట్టేశాను.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఒకరోజు ఆఫీసులో ఉండగా తమ్ముడు ఫోన్ చేశాడు, అన్నా గేమ్స్ అన్నిటి మీద తాళం బొమ్మ పడింది, ఏది నొక్కినా ఓపెన్ అవట్లేదు అని. నెట్ ప్రాబ్లమ్ ఏమో అనుకుని రీస్టార్ట్ చేయమన్నాను. ఇంటికెళ్ళి నేనూ చూశాను, అన్నీ ఉన్నాయి, బొమ్మలు కనిపిస్తున్నాయి, హార్డ్ డిస్క్‌లో వందల జీబీ అలాగే ఉంది, కానీ ఒక్కటీ తెరుచుకోదు.

అతనికి ఫోన్ చేశాను. మొదట చాలా తీయగా మాట్లాడాడు, సర్వర్ డౌన్ ఉండొచ్చు బ్రో, రేపటికి సెట్ అవుతది అన్నాడు. రేపు వచ్చింది, సెట్ అవలేదు. మళ్ళీ చేస్తే గొంతు మారిపోయింది. "చూడు బ్రో, నేను నీకు అమ్మింది కన్సోల్. కన్సోల్ ఆన్ అవుతుందా లేదా? గేమ్స్ నా అకౌంట్‌లోవి, నా అకౌంట్ నీకేమన్నా రాసిచ్చానా?" మరి 11 వేలు దేనికి తీసుకున్నావు అని అడిగాను. ఇన్ని రోజులైనా ఆ మాట నా చెవుల్లోంచి పోవట్లేదు: "ఇన్నాళ్ళు ఆడుకున్నారు కదా, కిరాయి అనుకో."

కిరాయి! నా తమ్ముడు పక్కనే కూర్చుని వింటున్నాడు, స్పీకర్ ఆన్‌లో ఉంది. వాడు ఏం మాట్లాడకుండా కంట్రోలర్ కింద పెట్టేసి లోపలికెళ్ళిపోయాడు. నేను కంపెనీకి కంప్లైంట్ చేస్తానని అరిచాను. దానికి కూడా అతని దగ్గర సమాధానం రెడీగా ఉంది, అంటే ఇది మొదటిసారి కాదన్నమాట. "చెప్పుకో, వేరేవాడి అకౌంట్ గేమ్స్ డబ్బులిచ్చి కొన్నా అని నువ్వే చెప్పు, రూల్ ప్రకారం అది తప్పు, నీ అకౌంటే పీకేస్తారు" అని పెట్టేశాడు. తర్వాత బ్లాక్ చేశాడు. అదే రాత్రి అదే గేమ్స్ లిస్టుతో, వేరే కన్సోల్ ఫొటోతో కొత్త పోస్టు పడింది. అంటే అవే గేమ్స్ ఇంకొకరికి అమ్ముతున్నాడు. మాది అయిపోయింది, ఇప్పుడు వాళ్ళ వంతు.

ఇది ఎలా చేస్తారో అందరికీ తెలియాలి, ఇందులో హ్యాకింగ్ ఏమీ లేదు. డిజిటల్ గేమ్ మీ కన్సోల్‌ది కాదు, కొన్న అకౌంట్‌ది. ఆ అకౌంట్‌కి ఒక కన్సోల్‌ని సొంత కన్సోల్‌గా పెట్టుకునే సెట్టింగ్ ఉంటుంది, అది పెడితే ఆ కన్సోల్‌లో ఎవరు లాగిన్ అయినా ఆ గేమ్స్ ఆడొచ్చు. ఇంట్లో అన్నదమ్ములు, పిల్లలు కలిసి ఆడుకోవడానికి ఇచ్చిన సౌకర్యం అది, పెద్ద కంపెనీల కన్సోల్స్‌లో దాదాపు ఇదే పద్ధతి. అమ్మినవాడు ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్‌లో గానీ వేరే కన్సోల్‌లో గానీ లాగిన్ అయ్యి ఆ సెట్టింగ్ మార్చేస్తే చాలు, మీ దగ్గర తాళం పడుతుంది. మీరు పాస్‌వర్డ్ తీసుకుని మార్చుకున్నా సరే, మొదట ఆ అకౌంట్ తెరిచినవాడు పాత బిల్లులు చూపించి కంపెనీ నుంచి వెనక్కి తెచ్చుకోగలడు. ఎటు చూసినా పెత్తనం అతనిదే.

అతని మీద ఎంత కోపం ఉందో కంపెనీల మీద కూడా అంత కోపం ఉంది నాకు, ఎందుకంటే ఇలాంటివాళ్ళు పుట్టడానికి దారి వేసింది వాళ్ళే. ఒకప్పుడు డిస్క్ కొన్నామంటే అది మనది, ఆడేశాక ఫ్రెండ్‌కి ఇచ్చేవాళ్ళం, షాపులో ఎక్స్‌చేంజ్ చేసేవాళ్ళం, సగం రేటుకి అమ్మి ఆ డబ్బుతో ఇంకోటి కొనేవాళ్ళం. మన దగ్గర మిడిల్ క్లాస్ పిల్లలు గేమ్స్ ఆడింది ఎక్కువగా అలాగే. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఒక్క డిస్క్ మా బ్యాచ్ మొత్తం తిరిగేది.

2013లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఎక్స్‌బాక్స్ వన్ కన్సోల్ అనౌన్స్ చేసినప్పుడు గుర్తుందా? డిస్క్ కొన్నా సరే అది మీ అకౌంట్‌కి కట్టేస్తాం, 24 గంటలకోసారి నెట్‌కి కనెక్ట్ అవ్వాల్సిందే, లేకపోతే ఆడలేరు, గేమ్ ఫ్రెండ్‌కి ఇవ్వాలంటే ఒక్కసారే ఇవ్వొచ్చు, ఆ ఫ్రెండ్ మీ లిస్టులో కనీసం 30 రోజులుగా ఉండాలి, సెకండ్ హ్యాండ్ అమ్మకం ఉండాలా వద్దా అనేది గేమ్ తీసిన కంపెనీ ఇష్టం, ఇవీ రూల్స్. నెట్ లేనివాళ్ళ సంగతేంటని అడిగితే ఎక్స్‌బాక్స్ హెడ్ డాన్ మాట్రిక్, వాళ్ళకోసం మా దగ్గర ఎక్స్‌బాక్స్ 360 ఉంది కదా అన్నాడు, అంటే పాత మోడల్‌తో సరిపెట్టుకోమని. జనం మండిపడ్డారు. జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఈ3 అనే గేమ్స్ షోలో సోనీ వాళ్ళు తమ కొత్త కన్సోల్ పీఎస్4కి అలాంటి రూల్స్ ఏవీ ఉండవని చెప్పగానే హాలంతా అరుపులు, చప్పట్లు. పీఎస్4లో గేమ్ ఎలా షేర్ చేయాలో చెప్పే చిన్న వీడియో ఒకటి వదిలారు, అందులో ఉన్నదల్లా ఒకాయన ఇంకొకాయన చేతికి డిస్క్ ఇవ్వడం, అంతే. జూన్ 19కల్లా మైక్రోసాఫ్ట్ ఆ రూల్స్ అన్నీ వెనక్కి తీసుకుంది.

ఆరోజు జనం గెలిచారు. కానీ తలుపు దగ్గర ఆపితే కిటికీలోంచి వచ్చారు. డిస్క్‌ని బ్లాక్ చేయడం కుదరకపోతే డిస్క్ పెట్టే చోటే తీసేశారు. 2020లో డ్రైవ్ లేని కన్సోల్స్ తక్కువ రేటుకి వచ్చాయి, సోనీ పీఎస్5 డిజిటల్ ఎడిషన్, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ రెండూ ఆ బాపతే. డబ్బు తక్కువున్నవాళ్ళే కదా అవి కొనేది, సెకండ్ హ్యాండ్ గేమ్స్ అవసరం ఎక్కువ ఉన్నది కూడా వాళ్ళకే, వాళ్ళకే ఆ దారి మూసేశారు. డిస్క్ వచ్చినా నమ్మకం లేదు, 2022లో కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ 2 అనే గేమ్ పీఎస్5 డిస్క్‌లో ఉన్నది 70 ఎంబీ చిల్లర, మిగతాదంతా డౌన్‌లోడే.

కంపెనీలు చెప్పేది నాకూ తెలుసు. సెకండ్ హ్యాండ్‌లో గేమ్ చేతులు మారితే తయారుచేసినవాళ్ళకి పైసా రాదు, వందలమంది ఏళ్ళ తరబడి పనిచేస్తే లాభం షాపువాడికి పోతుంది అంటారు. అందులో నిజం ఉంది, కాదనను. కానీ పాతది అమ్మిన డబ్బుతోనే కదా మనం కొత్తది కొనేది? డిజిటల్ కాపీకి డిస్క్ ఖర్చు లేదు, బాక్స్ లేదు, తిరిగి అమ్ముకునే వీలూ లేదు, అయినా రిలీజ్ రోజున డిస్క్ రేటే పెడతారు. మనకి తగ్గించేదేమీ లేకుండా మన హక్కు మాత్రం తీసేసుకుంటే ఎలా?

టెక్నాలజీ కుదరదంటే నేను నమ్మను. 2025 ఏప్రిల్‌లో నింటెండో అనే కన్సోల్ కంపెనీ వాళ్ళు డిజిటల్ గేమ్‌ని చేతికిచ్చే గేమ్ కార్డులాగా ఫ్యామిలీ గ్రూపులో ఉన్నవాళ్ళకి 14 రోజులు అప్పిచ్చే పద్ధతి తెచ్చారు, ఇచ్చినన్నాళ్ళు మీ దగ్గర పనిచేయదు, గడువు అవగానే దానంతటదే వెనక్కి వస్తుంది. అప్పివ్వడానికి బటన్ పెట్టగలిగినవాళ్ళు అమ్మడానికి పెట్టలేరా? బండి అమ్మితే ఆర్‌సీ పేరు మారుతుంది కాబట్టి పాత ఓనర్ వచ్చి తాళం పట్టుకుపోలేడు, గేమ్‌కి కూడా అలా పేరు మారే పద్ధతి పెట్టి, కావాలంటే ప్రతి మార్పుకి కంపెనీ కొంత ఫీజు తీసుకోమనండి, నేను సంతోషంగా కడతాను. అలాంటి బటన్ ఒకటి ఉండుంటే ఈ 11 వేల బేరం అసలు ఉండేదే కాదు, గేమ్ నా పేరు మీదకి వచ్చేది, అతను దాన్ని ఇంకొకరికి అమ్మలేకపోయేవాడు.

కోర్టుల్లో కూడా మనకి ఊరట దొరకలేదు. 2019లో పారిస్‌లో కింది కోర్టు, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్స్ షాపులో కొన్న గేమ్స్ తిరిగి అమ్ముకోనివ్వాలని తీర్పిస్తే 2022లో పై కోర్టు కొట్టేసింది, 2024లో ఫ్రాన్స్ అత్యున్నత కోర్టు కూడా పై కోర్టు మాటే ఖాయం చేసింది. కాలిఫోర్నియాలో మాత్రం 2025 జనవరి 1 నుంచి కొత్త చట్టం ఉంది, మీకిచ్చేది లైసెన్స్ మాత్రమే అని స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ షాపులు "కొనండి" అన్న మాట వాడకూడదు. మనం తిరిగి అమ్ముకోవడాన్ని కంపెనీలు అడ్డుకోవడం ఆపకపోతే పోనీ, కనీసం ఆ మాటైనా మన దగ్గర కన్సోల్ బాక్స్ మీద పెద్ద అక్షరాలతో, తెలుగులో కూడా వేయాలి. ఈ మెషిన్‌లో కొన్న గేమ్ మీరు ఎవరికీ అమ్మలేరు, ఇవ్వలేరు అని. అది చదివుంటే మా తమ్ముడే చెప్పేవాడు నాకు.

సరే, కొనేవాళ్ళు ఇవి చూసుకోండి. కన్సోల్‌లో ఎన్ని డిజిటల్ గేమ్స్ ఉన్నా వాటికి సున్నా కట్టండి, ఉత్త కన్సోల్ రేటే ఇవ్వండి. డబ్బు ఇచ్చేముందు మీ ఎదురుగానే ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి, మీ హాట్‌స్పాట్ ఆన్ చేసి మీ అకౌంట్‌తో ఆన్‌లైన్‌లోకి వెళ్ళి చూడండి, ఆన్‌లైన్‌లోకి రాకుండా కంపెనీ బ్యాన్ చేసిన కన్సోల్ అయితే అక్కడే తెలిసిపోతుంది. రీసెట్ చేస్తే గేమ్స్ పోతాయి బ్రో, వద్దు అని ఎవడైనా అన్నాడా, వచ్చేయండి. కాస్త ఎక్కువైనా డిస్క్ డ్రైవ్ ఉన్నదే తీసుకోండి. పాత డిస్కులు కొంటే బాక్స్ తెరిచి లోపల డిస్కే ఉందా, వాడేసిన డౌన్‌లోడ్ కోడ్ కాగితం ఉందా చూడండి. ఇప్పటికే మోసపోయినవాళ్ళు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, చాట్‌లు డిలీట్ చేయకండి.

ఇతని దగ్గర కొన్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, అందరి స్క్రీన్‌షాట్లు కలిపి స్టేషన్‌లో ఇద్దాం.