ముందు పాఠం మాకే: పిల్లల ప్రవర్తనా చికిత్సపై సమీక్ష
మా అబ్బాయికి అయిదేళ్లు, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య). వాడికి ప్రవర్తనా చికిత్స అందిస్తున్న ఈ స్వచ్ఛంద సంస్థ ముందు పాఠం చెప్పింది వాడికి కాదు, మాకు. ఆరేళ్లలోపు పిల్లలకు మందుల కంటే ముందు తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019 మార్గదర్శకాల్లోనూ ఉంది. ఒకసారికి ఒక్క పనే చెప్పడం, చేయగానే ఏది బాగా చేశాడో చెప్పి మెచ్చుకోవడం, చిన్న అల్లరిని చూసీ చూడనట్లు వదిలేయడం... వినడానికి తేలికే. మా అత్తగారి ఎదుట ఆచరించి చూడండి!

ఏడాది మధ్యలో నిధులు తగ్గి కౌన్సెలర్ మారారు. కొత్తావిడ పాత నోట్సు చదివే వచ్చారు, కథంతా మళ్లీ చెప్పించలేదు. బడి టీచరుతో తామే మాట్లాడారు కూడా. నాలుగు నక్షత్రాలు. అయిదోది వీడియో సెషన్ల వల్ల పోయింది: కుదురుగా కూర్చోలేని పిల్లవాడిని తెర ముందు ఎలా కూర్చోబెట్టాలి? చేరాలనుకుంటే ముందే పేరు రాయించుకోండి, నిరీక్షణ జాబితా పెద్దది.