యాక్సెస్ ఎండీబీలో యూజర్స్ గ్రూపుతో ఏళ్ల సావాసం

మా గోడౌన్ స్టాక్ లెక్కలు ఇప్పటికీ మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ ప్రోగ్రామ్ యాక్సెస్ 2003లో తయారైన ఎండీబీ (దాని పాత ఫార్మాట్) ఫైల్లోనే నడుస్తున్నాయి. ఎవరు ఏం చూడాలి, ఎవరు ఏం మార్చాలి అనే హక్కుల సంగతి మొదటి నుంచీ నాదే. పని చేయించుకుంటే ఈ యూజర్ లెవెల్ సెక్యూరిటీ, అంటే ఒక్కో యూజరుకీ గ్రూపుకీ విడిగా హక్కులిచ్చే ఏర్పాటు, బాగా చేస్తుంది. కానీ ఏ మార్పూ చేయకుండా వచ్చింది వచ్చినట్టే వాడేస్తే మాత్రం ఉన్నా లేనట్టే.

కారణం యూజర్స్ అనే గ్రూపు. ప్రతి యూజరూ అందులో ఉండి తీరాలి, ఎవరినీ తీసేయలేం. డిఫాల్ట్‌గా అన్ని టేబుళ్లు, ఫారాల మీద దానికి పూర్తి హక్కులుంటాయి. పైగా ఈ గ్రూపు, అడ్మిన్ అనే యూజరు ఏ కంప్యూటర్లోని వర్క్‌గ్రూప్ ఫైల్లో (యూజర్లు, గ్రూపులు, పాస్‌వర్డ్‌లు దాచే ఫైలు) చూసినా ఒకటే. ఆఫీసులో లాగిన్ బాక్సు వచ్చేలా పాస్‌వర్డ్ పెట్టినా, ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఇంటికి పట్టుకెళ్తే అక్కడి యాక్సెస్ మనల్ని అడ్మిన్‌గానే లెక్కేసి ఏమీ అడక్కుండానే తెరిచేస్తుంది. తాళం వేసి చెవి గుమ్మానికే తగిలించినట్టు.

అందుకని మొదటి పని యూజర్స్ గ్రూపు టిక్కులన్నీ తీసేయడం. యాక్సెస్ 2003లో టూల్స్ మెనూలో సెక్యూరిటీ కింద పర్మిషన్ల బాక్సు తెరిచి, డేటాబేస్, టేబుళ్లు, క్వెరీలు (టేబుళ్ల నుంచి కావలసిన డేటా తీసేవి), ఫారాలు అంటూ ఒక్కో రకం మార్చుకుంటూ పోవాలి. జాబితాలో ‘న్యూ టేబుల్స్/క్వెరీస్’ అని ఒక వరుస ఉంటుంది. చాలామంది దాన్ని వదిలేస్తారు, రేపు కొత్తగా చేసే టేబుల్‌కి పాత ధారాళమే మళ్లీ వస్తుంది. ఇంకొకటి, ఫైలు యజమాని అడ్మిన్ కాకూడదు. యజమాని హక్కులు ఎలాగూ తిరిగి తెచ్చుకోగలడు. సెక్యూరిటీ విజార్డు ఈ పనులన్నీ చేసిపెడుతుంది, ముందు ఫైలుకి బ్యాకప్ కూడా తీస్తుంది. చివర్లో అది ఇచ్చే రిపోర్టును ప్రింటు తీసి బీరువాలో పెట్టండి. వర్క్‌గ్రూప్ ఫైలు పోతే ఆ వివరాలతోనే మళ్లీ కట్టుకోవాలి.

ఇక్కడ ‘ఇది చేయకూడదు’ అని విడిగా నిషేధించే వీలు లేదు, ఒక యూజరుకి తన గ్రూపులన్నిటి నుంచీ వచ్చే హక్కులు కలిసిపోతాయి. ఎంట్రీ చేసే కుర్రాళ్ల గ్రూపుకి ఇన్‌వర్డ్ (లోపలికొచ్చే సరుకు) టేబుల్ మీద చదవడం, కొత్త వరుస చేర్చడం మాత్రమే ఇచ్చాను. తప్పు పడితే సూపర్‌వైజర్ గారే దిద్దాలి. యూజర్స్‌లో ఆ టేబుల్ మీద డిలీట్ టిక్కు ఒక్కటి మిగిలున్నా ఈ కట్టడి మొత్తం దండగ.

నాకు బాగా నచ్చింది ఓనర్ పర్మిషన్లతో, అంటే నడిపేవాడివి కాక క్వెరీ యజమాని హక్కులతో, నడిచే క్వెరీ. కొనుగోలు ధర కుర్రాళ్లకి కనబడకూడదు. ఆ ధర ఉన్న టేబుల్ మీద వాళ్ల హక్కులన్నీ తీసేసి, ధర కాలమ్ లేని క్వెరీకి ‘రన్ పర్మిషన్స్’ దగ్గర ‘ఓనర్స్’ అని పెట్టి, దాని మీదే హక్కులిచ్చాను. ఫారం ఆ క్వెరీ మీద నడుస్తుంది, టెన్షన్ లేదు.

అయితే దీన్ని ఛేదించే టూల్స్ ఎప్పటి నుంచో దొరుకుతున్నాయి. చేతి తప్పులు ఆపడానికి ఇది చాలు, కావాలని దొంగిలించేవాణ్ణి ఆపలేదు. యాక్సెస్ 2007తో వచ్చిన ఏసీసీడీబీ అనే కొత్త ఫైల్ ఫార్మాట్‌లో ఈ యూజర్లు, గ్రూపులు అసలే లేవు. ఫైలును ఆ ఫార్మాట్‌కి మార్చితే హక్కులన్నీ పోతాయి. అందుకే స్టాక్ ఫైలును ఎండీబీగానే ఉంచి, జీతాల లెక్కలు మాత్రం మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సర్వర్ డేటాబేస్ అయిన ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లోకి మార్చేశాను.