‘ఇంట్లో చేసిన’ ముఖం క్రీము కొంటున్నారా? విశాఖ వాళ్ళకు ఒక హెచ్చరిక

విశాఖలో వాట్సాప్ గ్రూపుల ద్వారా ‘నూటికి నూరు శాతం ఇంట్లో తయారైనది’ అంటూ ఒక కిట్ అమ్ముతున్నారు. సున్నిపిండి పొట్లం, ఒక స్ప్రే సీసా, చిన్న తెల్ల డబ్బాలో క్రీము, మూడూ కలిపి పద్నాలుగు వందల రూపాయలు. మూసుకుపోయిన చర్మ రంధ్రాలు తెరుచుకుంటాయట, ముక్కు మీద బ్లాక్‌హెడ్స్ రాలిపోతాయట, మంగు మచ్చలు పోయి ముఖమంతా ఒకే రంగుకు వస్తుందట. ఆ కిట్ కొని వాడాను. ఇప్పుడు చర్మ వైద్యురాలి దగ్గర చికిత్సలో ఉన్నాను. పోయిన డబ్బు సంగతి అలా ఉంచితే, అదే కిట్ మా అపార్ట్‌మెంటులోనూ మా బంధువుల్లోనూ ఇంకా చేతులు మారుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు ఇచ్చాను, అది తేలనివ్వండి. ఇలాంటి వ్యాపారాలకు పేరు మార్చుకోవడం చిటికెలో పని కాబట్టి, వాళ్ళ పద్ధతి తెలిస్తే మీకు ఎక్కువ ఉపయోగం.

మొదట ముఖం ఫోటో పంపమంటారు. చూసి, ‘అక్కా, సముద్రపు గాలికి మీ చర్మ రంధ్రాల్లో ఉప్పు పేరుకుంది’ అని చెబుతారు. ఈ ఉప్పు కథ విశాఖ కోసమే ప్రత్యేకంగా తయారు చేసినట్టుంది. హైదరాబాదులో ఏం చెబుతారో మరి! మన ఊరి ఉక్కపోతకు చెమట, జిడ్డు ఎక్కువన్నది నిజమే. కానీ బ్లాక్‌హెడ్ అంటే ఉప్పూ కాదు, మురికీ కాదు. చర్మం నుంచి ఊరే జిడ్డు, రాలాల్సిన మృతకణాలు కలిసి రంధ్రంలో బిరడాలా బిగుసుకుంటాయి. పైభాగానికి గాలి తగిలి అందులోని మెలనిన్ అనే రంగు పదార్థం, కొవ్వు పదార్థాలు నల్లబడతాయి. ఎంత తోమినా ఆ నలుపు పోకపోవడానికి కారణం ఇదే. ముక్కు మీద వరసగా కనిపించే బూడిద రంగు చుక్కల్లో చాలావరకు బ్లాక్‌హెడ్స్ కూడా కావు. అవి అందరికీ ఉండే సహజమైన జిడ్డు పోగులు, తీసేసినా కొన్ని వారాల్లో మళ్ళీ నిండుతాయి. వాటిని జబ్బుగా చూపించడంతోనే సగం వ్యాపారం అయిపోతుంది.

తర్వాత చిరునామా అడిగితే ‘సీతమ్మధారలోనే అక్కా’ అన్నారు. ఇంటి నంబరు లేదు, వీధి పేరు లేదు. డబ్బు యూపీఐలో పంపాక మద్దిలపాలెం బస్టాపు దగ్గర ఒక కుర్రాడు వచ్చి పొట్లం ఇచ్చి వెళ్ళాడు. బిల్లు అడిగితే, ‘ఇంట్లో చేసిన వస్తువుకు బిల్లేమిటక్కా’ అని నవ్వు బొమ్మ పంపారు. డబ్బా మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ స్టిక్కరు ఒకటి తప్ప ఒక్క అక్షరం లేదు.

ఇక క్రీము సంగతి. దాని పనితనం అద్భుతమని ఒప్పుకోవాలి. వారం తిరగకుండానే ముఖం నునుపు తేలింది, బుగ్గల మీది మంగు పలచబడింది, రంధ్రాలు కనిపించడం తగ్గింది. ‘ఏం వాడుతున్నారు?’ అని లిఫ్టులో అడగనివాళ్ళు లేరు. ఫోటో పంపితే రెండో కిట్ మీద రెండు వందలు తగ్గిస్తామన్నారు, పంపాను. కళ్ళ మీద పువ్వు బొమ్మ అతికించి ఆ ఫోటోను గ్రూపులన్నిటికీ పంచారు. డబ్బా ఖాళీ అయిన కొద్ది రోజులకే ముఖం ఎర్రగా కందింది. పొయ్యి దగ్గర నిలబడితే మంట, ఎండలోకి వెళితే మంట, మామూలు నీళ్ళు చల్లుకున్నా మంట. గడ్డం చుట్టూ, బుగ్గల మీద ఒకే పరిమాణంలో చిన్న చిన్న పొక్కులు లేచాయి. ఆ ఫోటో కూడా వాళ్ళకు పంపాను. దాన్ని మాత్రం ఏ గ్రూపులోనూ పెట్టలేదు.

వాళ్ళ జవాబు వినండి. ‘అది లోపలి విషం బయటికి పోవడం అక్కా, మంచిదే. ఇంకో డబ్బా వాడండి, తగ్గిపోతుంది.’ ఇందులో రెండో మాట నిజం కావడమే అసలు ప్రమాదం. ఇంకో డబ్బా వాడితే నిజంగానే తగ్గుతుంది. అందుకే మా అపార్ట్‌మెంటులో ఒకామె మూడో డబ్బా దాకా వెళ్ళారు. డబ్బు వెనక్కి ఇవ్వమని గట్టిగా అడిగిన రోజు నుంచి నా నంబరుకు వాళ్ళ ప్రొఫైల్ ఫోటో కనిపించడం మానేసింది.

డాక్టరు ముఖం చూసిన వెంటనే ‘ఏ క్రీము ఆపేశారు?’ అని అడిగారు. ఏ క్రీము వాడుతున్నారని కాదు, ఏది ఆపేశారని. బలమైన స్టెరాయిడ్ పూతకు అలవాటు పడిన ముఖం ఇలాగే ఉంటుందన్నారు. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ వంటివి చర్మంలోని సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తాయి, వాపును అణిచేస్తాయి. దాంతో చర్మం తెల్లగా, నున్నగా అనిపిస్తుంది. వాడుతున్న కొద్దీ చర్మం పలచబడుతుంది, ఎర్రటి రక్తనాళాలు పైకి తేలతాయి, కొందరికి ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. ఆపగానే అణిగినదంతా రెట్టింపుగా తిరగబడుతుంది. మన దేశంలో ఇది ఎంత మామూలైపోయిందంటే, ‘స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం’ అని చర్మ వైద్యులు దీనికి ఒక పేరే పెట్టుకున్నారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం చాలా స్టెరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్ అనే జాబితా కిందికి తెచ్చింది. అయినా మందుల దుకాణంలో ట్యూబు కొని, కలబంద గుజ్జులో కలిపి, ఆకు బొమ్మ అంటించడానికి ఎంతసేపు పడుతుంది?

ఇంకో సంగతి చెప్పగానే డాక్టరు ముఖం మారింది. ‘క్రీము రాసుకునేటప్పుడు బంగారు ఉంగరాలు తీసేయండి’ అని వాళ్ళు పంపిన సూచనల్లో ఉంది. పాదరసం బంగారంతో కలిసిపోతుంది. బంగారం, వెండి తగలనివ్వద్దని రాసి ఉండటం పాదరసం ఉన్న క్రీములకు ఒక గుర్తని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. పాదరసం చర్మంలో మెలనిన్ తయారు కాకుండా అడ్డుకుంటుంది కాబట్టే తెల్లబరిచే క్రీముల్లో కలుపుతారు. అది చర్మం గుండా ఒంట్లోకి వెళ్ళి మూత్రపిండాలను పాడు చేస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి ఊరూ పేరూ లేని క్రీములు వాడినవారికి మూత్రపిండాల జబ్బు రావడం పత్రికల్లో చదివే ఉంటారు. నాకు మూత్ర పరీక్ష రాశారు. ప్రోటీన్ పోవడం లేదని తేలింది, ఊపిరి పీల్చుకున్నాను. మీరు కూడా ఇలాంటిది వాడి ఉంటే, కాళ్ళ వాపు గానీ మూత్రంలో నురుగు గానీ కనిపిస్తే ఆలస్యం చేయకండి. క్రీము రాసుకున్న చేత్తో పిల్లలను తాకినా వాళ్ళకు అంటుకుంటుంది.

సున్నిపిండిలో ఏముంటుందిలే అనుకుంటాం. పెసలు, శనగలు, బియ్యం, కచ్చూరాలు, పసుపు వరకు సరే. ఈ పొట్లంలో బావంచాలు కూడా వేశామని గొప్పగా చెప్పుకున్నారు. బావంచాలంటే ఆయుర్వేదంలో బొల్లి మచ్చలకు వాడే బాకుచి గింజలు. వాటిలో సోరాలెన్ ఉంటుంది. అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కాలినట్టు అయి, తర్వాత నల్లబడుతుంది. బొల్లికి మందయ్యేదీ ఆ గుణం వల్లే. మంగు తగ్గాలని రాసుకుని ఆర్కే బీచ్‌లో ఎండెక్కేదాకా నడిస్తే మంగు ముదురుతుంది గానీ తగ్గదు. వాళ్ళ సూచనల్లో నిమ్మరసం, వంట సోడా కలిపి ముక్కు రుద్దుకోమని కూడా ఉంది. నిమ్మరసం గాఢమైన ఆమ్లం, పైగా అదీ ఎండకు కాలుస్తుంది. సోడా క్షారం. చర్మం సహజంగా కొద్దిపాటి ఆమ్ల గుణంతో ఉంటుంది, దానికి ఈ రెండూ పడవు. మన చామనఛాయ ఒంటికి ఏ చిన్న మంట వచ్చినా, తగ్గాక నెలల తరబడి నల్ల మచ్చ మిగులుతుంది. రంగు ఒకేలా లేదని మొదలుపెట్టిన వైద్యమే కొత్త మచ్చలు తెచ్చిపెడుతుంది.

స్ప్రే సీసా గురించి ఎక్కువ చెప్పను. కలబంద, బియ్యం కడుగు, గులాబీ నీళ్ళు. ‘నిల్వ పదార్థాలు ఏమీ లేవు’ అన్నది దాని గొప్ప. నీళ్ళున్న ఏ వస్తువులోనైనా నిల్వ పదార్థం లేకపోతే, మన ఎండల్లో కొద్ది రోజులకే సూక్ష్మజీవులు పెరుగుతాయి. నాది పులిసిన వాసన వచ్చింది, పారబోశాను.

ఇంటి దగ్గర చేసి అమ్ముకునే ఆడవాళ్ళందరి మీదా నాకు కోపం లేదు. మా వీధిలో ఒక పెద్దావిడ భోగి ముందు నలుగు పిండి ఆడించి అమ్ముతారు. ఏమేమి వేశారో వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతారు. పసివాళ్ళకు కూడా ఆవిడ పిండే వాడతాం. ఆవిడ ఏనాడూ వారంలో రంగు మారుతుందని అనలేదు. పచ్చళ్ళు అమ్మేవాళ్ళు సీసా మీద పద్నాలుగు అంకెల ఆహార భద్రత నంబరు వేస్తున్నారు కదా, ముఖానికి రాసే క్రీముకు మాత్రం ఏ నంబరూ అక్కర్లేదా? అక్కర్లేదని వాళ్ళంటారు, కావాలని చట్టం అంటుంది. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం అమ్మకానికి క్రీము తయారు చేయాలంటే, వంటింట్లో చేసినా సరే, లైసెన్సు ఉండాలి. 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు, అందులో కలిపినవి లేబుల్ మీద కనిపించాలి. ‘మాది ఆయుర్వేదం’ అంటే దానికీ వేరే లైసెన్సు ఉంది, ఆ నంబరు చూపించమనండి. అడగగానే మాట మార్చేవాళ్ళ దగ్గర కొనకండి.

మరి రంధ్రాలకు, మంగుకు ఏమిటి దారి అంటారా? డాక్టరు చెప్పినవి చప్పగా ఉంటాయి. మూసుకుపోయిన రంధ్రాలకు రెండు శాతం సాలిసిలిక్ ఆమ్లం ఉన్న ఫేస్‌వాష్ గానీ జెల్ గానీ, అది చాలకపోతే డాక్టరు రాసే అడాపలీన్ పూత. కొబ్బరి నూనె జుట్టుకే ఉంచి, ముఖానికి రాయడం మానేయాలి. మంగుకు అన్నిటికంటే ముందు సన్‌స్క్రీన్, మబ్బు పట్టిన రోజున కూడా. చర్మం పైపొర మారడానికే సుమారు నాలుగు వారాలు పడుతుంది, కాబట్టి ఏ నిజమైన మందైనా రెండు మూడు నెలల తర్వాతే ఫలితం చూపిస్తుంది. వారంలో చూపించేది వంటింటి సరుకు కాదు.

ఇప్పటికే ఆ క్రీము వాడుతున్నవాళ్ళు భయపడి సొంతంగా ఇంకేదో రాసుకోకండి. డబ్బా పట్టుకుని చర్మ వైద్యుల దగ్గరికి వెళ్ళండి. ఖర్చు గురించి వెనకాడేవాళ్ళకు ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో చర్మ విభాగం ఉంది. డబ్బా పారేయకండి. అడుగున మిగిలింది కాస్తయినా అది సాక్ష్యం. ఔషధ చట్టం 26వ సెక్షన్ కింద, కొన్న మనిషి ఎవరైనా నిర్ణీత రుసుము కట్టి సౌందర్య సాధనాన్ని ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. నా డబ్బా పరీక్షకు ఇస్తున్నాను. వాట్సాప్ సంభాషణలు, యూపీఐ రసీదు ప్రింటు తీసి పెట్టాను. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, మన జిల్లా ఔషధ నియంత్రణ అధికారులు ఉన్నారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, ఐదు లక్షల లోపు విలువకు రుసుము కూడా లేదు.

అదే తెల్ల డబ్బాను ఇప్పుడు బంగారు రంగు మూతతో, కొత్త పేరుతో, గాజువాక వైపు గ్రూపుల్లో అమ్ముతున్నారని నిన్న మా వదిన చెప్పింది. ధర రెండు వందలు పెంచారట. కొనమని మీకు ఎవరైనా పంపితే ముందు లైసెన్సు నంబరు అడగండి, వాళ్ళు ఇచ్చిన జవాబును స్క్రీన్‌షాట్ తీసి దాచండి.