ఆగిపోయిన సీరియల్‌కు సినిమా మేలా, కొత్త సీజన్లు మేలా?

నెల్లూరులో మా ఇంటి బీరువాలో పట్టుచీరల పక్కన నాలుగు డిస్కుల డీవీడీ పెట్టె ఒకటి ఉంది. అమెరికాలో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి 2006 సంక్రాంతికి వస్తూ తెచ్చాడు. అక్కడి డిస్కులు ఇక్కడి ప్లేయర్లో ఆడకపోతే కంప్యూటర్లో పెట్టుకుని చూశాం. సీరియల్ పేరు ఫైర్‌ఫ్లై. అంతరిక్ష ఓడలో తిరిగే కొద్దిమంది కథ. మొత్తం 14 భాగాలు, సుమారు 11 గంటలు. ఐదు రాత్రుల్లో అయిపోయింది. ఆఖరి భాగం ముగిశాక తర్వాతి డిస్కు ఎక్కడుందని నేను పెట్టెను తిరగేసి చూశాను.

"ఇంతే అమ్మాయ్. ఆపేశారు" అన్నాడు అన్నయ్య. "కానీ సినిమా తీశారు. అది కూడా తెచ్చాను. రేపు చూద్దాం."

"నాకొద్దు" అంది కావలి నుంచి వచ్చిన మా అక్క, పిన్నికూతురు. "వీళ్లందరూ ఇంకా ఆ ఓడలోనే ఉన్నారు. నాకు ఇలాగే ఉండనివ్వండి."

ఒంగోలులో ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముడు ఒప్పుకోలేదు. "కథ సగంలో ఆగితే ఎలా అక్కా? ఏం జరిగిందో తెలియాలి కదా" అన్నాడు. అర్ధరాత్రి దాటేదాకా వాదించుకున్నాం. నా మనసులో ఆ వాదన నేటికీ ముగియలేదు. ఆ తర్వాత ఇలా మధ్యలో ఆగిన సైన్స్ ఫిక్షన్ సీరియళ్లు చాలా చూశాను. ఆగిన కథను మళ్లీ ఎలా ఎత్తుకుంటే మేలు అన్న ప్రశ్న నాకు చిన్నదిగా కనిపించదు.

మా ఊరివాళ్లకు అసలే చిన్నది కాకూడదు. నన్నయ అరణ్యపర్వంలో శరత్కాలపు రాత్రిని వర్ణిస్తూ ఆగిపోయాడు. తర్వాత రెండు శతాబ్దాలకు తిక్కన ఇక్కడే, నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉండి భారతాన్ని అందుకున్నాడు. ఆ ఖాళీని ముట్టుకోలేదు. విరాటపర్వంతో మొదలుపెట్టి 15 పర్వాలు పూర్తిచేశాడు. ఆ ఖాళీని పూరించింది అద్దంకి రెడ్డిరాజుల కొలువులోని ఎర్రన. నన్నయ ఆపిన ఆ శరత్తు దగ్గరే పద్యం ఎత్తుకుని, నన్నయ ధోరణిలో మొదలుపెట్టి, మెల్లగా తిక్కన ధోరణిలోకి వచ్చాడని మా తెలుగు మాస్టారు చెప్పేవారు. ఒకరు ముందుకు దూకారు, ఒకరు వెనక్కి వెళ్లి అతికారు. సీరియల్‌ను సినిమాగా తీయడం మొదటి దారి. రెండో దారి పట్టినవాళ్లూ ఉన్నారు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఫైర్‌ఫ్లైకి ఏం జరిగిందో చెప్పాలి, ఎందుకంటే అభిమానుల కోపం అక్కడ పుట్టింది. 2002 సెప్టెంబరు 20న ఫాక్స్ ఛానల్‌లో శుక్రవారం రాత్రి మొదలైంది. సృష్టికర్త జాస్ వీడన్ పరిచయం కోసం రాసుకున్న రెండు గంటల తొలి భాగాన్ని పక్కన పెట్టి, రైలు దోపిడీ కథను ముందు వేశారు. ఎవరు ఎవరో తెలియకుండానే ప్రేక్షకుడు ఓడలోకి అడుగుపెట్టాడు. ఆ తొలి భాగం డిసెంబరు 20న ప్రసారమైంది, అప్పటికే సీరియల్ రద్దయింది. 14లో మూడు భాగాలు అసలు ప్రసారం కాలేదు. 2003 డిసెంబరులో డీవీడీ పెట్టె వచ్చాకే కథ సరైన వరుసలో జనానికి అందింది. పెట్టెలు బాగా అమ్ముడయ్యాయి. యూనివర్సల్ సంస్థ సినిమాకు ఒప్పుకుంది. 2005 సెప్టెంబరు 30న 'సెరెనిటీ' విడుదలైంది. సెరెనిటీ అన్నది వాళ్ల ఓడ పేరు.

అభిమానులు తమను బ్రౌన్‌కోట్స్ అని పిలుచుకుంటారు. కథలో యుద్ధం ఓడిపోయిన పక్షం సైనికులు గోధుమరంగు కోట్లు వేసుకుంటారు, ఆ పేరే వీళ్లు తీసుకున్నారు. విడుదలకు ముందే, ఆ ఏడాది మే నుంచి, అమెరికాలో కొన్ని నగరాల్లో గ్రాఫిక్స్ పూర్తికాని ప్రతిని వాళ్లకు చూపించారు. టికెట్లు దొరకలేదు. చచ్చిపోయిందనుకున్న కథ వెండితెర మీద లేవడం వాళ్లకు పెళ్లిసందడి లాంటిది. ఆ సంబరాన్ని నేను అర్థం చేసుకోగలను.

మరి సినిమా ఏం ఇచ్చింది, ఏం తీసుకుంది?

ఇచ్చినదాని గురించి ముందు. రివర్ అనే పిల్లను ప్రభుత్వం ఎందుకు వెంటాడుతోంది, మనుషుల్ని చంపి తినే రీవర్లు ఎక్కడినుంచి వచ్చారు అనే రెండు పెద్ద ప్రశ్నలకూ ఒకే జవాబు దొరికింది. మిరాండా అనే గ్రహం మీద జనాన్ని శాంతపరచడానికి గాలిలో మందు కలిపారు. 3 కోట్ల మంది తినడం, లేవడం, ఊపిరి తీసుకోవడం కూడా మానేసి కూర్చున్నచోటే ప్రాణం విడిచారు. అతి కొద్దిమందికి మందు తిరగబడి రీవర్లయ్యారు. ఇంత గట్టి జవాబు ఏడు సీజన్లు నడిచిన సీరియళ్లలో కూడా అరుదు. ఆ విషయంలో తమ్ముడి మాట నెగ్గింది.

తీసుకున్నది వేరే రకం. ఆ ఓడలో ఒక వంటగది ఉంటుంది. గోడల మీద ఇంజను చూసుకునే కేలీ వేసిన తీగలు, పువ్వులు. పొడుగాటి చెక్కబల్ల. తొలి భాగంలో షెపర్డ్ బుక్ అనే మతబోధకుడు ఓడెక్కడానికి కిరాయి కింద డబ్బుతోపాటు కొంచెం తోటపంట ఇస్తాడు, అందులో ఒక స్ట్రాబెర్రీ ఉంటుంది. కేలీ దాన్ని కొరికే క్షణం కథకు అవసరమే లేదు. ఎవరూ చావరు, ఎవరూ గెలవరు. కొన్నాళ్లుగా పొడి ఆహారం తిని విసిగిన అమ్మాయి కళ్లు మూసుకుని ఒక పండు తింటుంది, అంతే. వేసవిలో మొదటి మామిడిపండు తెచ్చినరోజు మా అమ్మ ముఖం అలాగే ఉంటుంది. మేం ఆ పదకొండు గంటల్లో ప్రేమించింది ఆ ముఖాన్ని. సినిమాకు ఉన్నది 119 నిమిషాలు. అందులో స్ట్రాబెర్రీకి చోటు ఎక్కడ?

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను కాబట్టి నాకు ఇంకో బాధ కూడా ఉంది. సీరియల్లో అంతరిక్షం నిశ్శబ్దంగా ఉంటుంది. ఓడ కదులుతుంటే గిటారు వినిపిస్తుంది తప్ప ఇంజను మోత వినిపించదు. గాలి లేనిచోట శబ్దం ఉండదు మరి. సినిమా చివరి యుద్ధంలో మోతలు వచ్చేశాయి. వెండితెరకు మోత కావాలని ఎవరో అనుకుని ఉంటారు.

ఇక వాష్. ఓడ నడిపేవాడు, పూల చొక్కా తొడుక్కుని స్టీరింగ్ ముందు బొమ్మ డైనోసార్లతో ఆడుకునేవాడు. అలన్ టుడిక్ ఆ పాత్ర వేశాడు. సినిమాలో ఓడను క్షేమంగా కిందికి దించి, గాలి మీద తేలే ఆకును నేను అంటూ ఉండగానే ఒక్క పోటుకు చచ్చిపోతాడు. ఏడవడానికి సినిమా సమయమే ఇవ్వదు, యుద్ధం ముందుకు సాగిపోతుంది. ఆ రాత్రి మా కావలి అక్క లేచి వంటింట్లోకి వెళ్లింది. ఎంతకీ రాకపోతే చూడ్డానికి వెళ్లాను. చెంబు నిండి నీళ్లు పొర్లుతున్నాయి, కుళాయి కట్టకుండా అలాగే పట్టుకుని నిలబడి ఉంది. "చూడొద్దని చెప్పానా" అంది. ప్రపంచమంతటా అభిమానులు రెండుగా చీలింది సరిగ్గా ఈ చోటనే. ఎవరైనా చావొచ్చని చూపితేనే ఆఖరి యుద్ధంలో భయం ఉంటుందని కొందరు అన్నారు. మూడేళ్లు పోట్లాడి తెచ్చుకున్న మనిషిని మా కళ్లముందే చంపారని కొందరు అన్నారు. నేను రెండోవైపే. అదే చావు ఒక సీజన్ చివర వచ్చి ఉంటే, తర్వాతి సీజన్లో ఆ డైనోసార్లను అతని భార్య జోయీ ఎక్కడ దాచుకుందో మనం చూసేవాళ్లం. సినిమాలో ఆ తర్వాత లేదు.

ఇంకో సినిమా తీసి ఉంటే ఆ తర్వాత కూడా వచ్చేదేమో. కానీ దాదాపు 3.9 కోట్ల డాలర్లు పెట్టి తీసిన సినిమా ప్రపంచమంతా కలిపి సుమారు 4 కోట్లు మాత్రమే తెచ్చింది. థియేటర్ల వాటా పోతే నష్టమే. అభిమానుల సంఖ్య సీరియల్‌ను బతికించేంత ఉండొచ్చు, సినిమాను బతికించాలంటే కథ తెలియని లక్షలమంది కూడా టికెట్టు కొనాలి. సినిమా దారిలో ఉన్న అసలు ప్రమాదం ఇదే: అది తలుపు తెరిచినట్టే తెరిచి పూర్తిగా మూసేయగలదు.

అన్నిసార్లూ అలా జరగదు. స్టార్ ట్రెక్ 1969లో 79 భాగాలతో ఆగింది. అంతకుముందే ఉత్తరాల వెల్లువతో అభిమానులు మూడో సీజన్ సాధించుకున్నారు. ఆగిన పదేళ్లకు, 1979 డిసెంబరులో, సినిమా వచ్చింది. చాలా నెమ్మదిగా నడుస్తుందని విమర్శించారు. కెప్టెన్ కిర్క్ చిన్న వాహనంలో తన ఓడ చుట్టూ తిరుగుతూ చూసే ఘట్టం నిమిషాల తరబడి సాగుతుంది. నాకు మాత్రం ఆ సినిమాలో నచ్చేది ఆ ఘట్టమే, పదేళ్లు దూరంగా ఉన్నవాడు ఇల్లు చూసుకుంటున్నట్టు ఉంటుంది. ఆ సినిమా ఆడింది, పాత బృందంతోనే మరో ఐదు వచ్చాయి. అంటే పదేళ్లపాటు పునఃప్రసారాల్లో కొత్త ప్రేక్షకులు పెరిగిన కథకు సినిమా పనికొచ్చింది. మూడేళ్లకే వచ్చిన సెరెనిటీకి ఆ సమయం దక్కలేదు.

మధ్యేమార్గం ఒకటి ఉంది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. ఫార్‌స్కేప్ సీరియల్ 88 భాగాలు నడిచి ఆగింది. 2003లో వచ్చిన ఆఖరి భాగం చివర నాయకుడు, నాయిక పడవలో ఉండగానే గాజుముక్కల్లా పగిలిపోతారు, 'సశేషం' అని పడుతుంది. అభిమానులు ఊరుకోలేదు. 2004 అక్టోబరులో రెండు భాగాల చిన్న సీరియల్ వచ్చింది, సుమారు మూడు గంటలు. టీవీలోనే వచ్చింది కాబట్టి కథ తెలియనివాళ్లకు మొదటినుంచి వివరించే భారం తక్కువ. పెళ్లి, పురుడు, యుద్ధం, సంధి అన్నీ కాస్త తొక్కుకుంటూ వచ్చినా, అడిగినవాళ్లకు అడిగింది ఇచ్చింది. సినిమాకంటే ఇదే మేలని నా గట్టి నమ్మకం. ఒక గంట ఎక్కువ ఉంటే చాలు, మనుషులు కూర్చుని మాట్లాడుకోవచ్చు.

మరి వేరే ఛానల్ దత్తత తీసుకుంటే? ది ఎక్స్‌పాన్స్‌ను 2018లో మూడు సీజన్ల తర్వాత సైఫై ఛానల్ వదిలేసింది. అభిమానులు చందాలు వేసుకుని అమెజాన్ స్టూడియో మీదుగా విమానంతో బ్యానరు ఎగరేయించారు. అమెజాన్ తీసుకుంది, మరో మూడు సీజన్లు తీసింది. మా తమ్ముడికి ఇది అన్నిటికన్నా పెద్ద గెలుపు. నిజమే, అదే నటులు, అదే ఓడ, తీరిగ్గా నడిచిన కథ. అయితే ఆరో సీజన్‌కు వచ్చేసరికి ఆరు భాగాలే మిగిలాయి. మూల నవలలు తొమ్మిదైతే తెర మీద కథ ఆరో నవల దగ్గర 2022 జనవరిలో ఆగింది. దత్తత ఇల్లు కూడా ఆఖరిదాకా పెంచలేదు. అయినా మర్యాదైన చోట ఆపారు, అది తక్కువ విషయం కాదు. దొరికితే మాత్రం ఇదే అన్నిటికన్నా మేలు. దొరకడమే కష్టం.

ఎర్రన దారి సంగతి చెబుతానన్నాను కదా. సెరెనిటీ మొదలయ్యేసరికి సీరియల్లో ఆ ఓడలోనే ఉండే ఇనారా అనే ఆమె, షెపర్డ్ బుక్ ఓడ వదిలి వెళ్లిపోయి ఉంటారు. ఎందుకో, ఎలాగో సినిమా చెప్పదు. సీరియల్‌కూ సినిమాకూ మధ్యనున్న ఆ ఖాళీని 2005లోనే డార్క్ హార్స్ సంస్థ మూడు సంచికల బొమ్మల కథగా పూరించింది. బుక్ ఎవరు, మతబోధకుడికి తుపాకీ సంగతులు అంత బాగా ఎలా తెలుసు అన్నది సీరియల్ చెప్పలేదు, సినిమా చెప్పకుండానే అతన్ని చంపేసింది. 2010లో వచ్చిన మరో బొమ్మల పుస్తకం చెప్పింది. ఆ పాత్ర వేసిన రాన్ గ్లాస్ 2016లో చనిపోయారు, కాబట్టి ఆ కథ ఆయన గొంతుతో ఇక మనకు రాదు. బొమ్మల కథలో మనుషుల ఊపిరి లేదన్నది ఒప్పుకుంటాను. ఖాళీలు మూయడానికి మాత్రం అంతకంటే చవకైన, నిజాయితీ గల పని లేదు.

అక్క కోరినట్టు ఉన్నది ఉన్నట్టు వదిలేయడం? దాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. కానీ సినిమా లేకపోతే తర్వాత జరిగినవి కొన్ని జరిగేవి కావు. 2006 నుంచి అభిమానులు ఏటా సెరెనిటీ ప్రదర్శనలు పెట్టి, వచ్చిన డబ్బును స్త్రీల హక్కుల కోసం పనిచేసే ఈక్వాలిటీ నౌ సంస్థకు ఇస్తున్నారు. 2007లో స్టీవెన్ స్వాన్సన్ అనే వ్యోమగామి సీరియల్, సినిమా డిస్కులు రెండూ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పట్టుకెళ్లాడు. శ్రీహరికోటలో రాత్రిపూట రాకెట్ ఎగిరితే మా డాబా మీదనుంచి దక్షిణాన వెలుగు కనిపిస్తుంది. అలా కనిపించిన ప్రతిసారీ నాకు ఆ డిస్కులే గుర్తొస్తాయి.

కాబట్టి నా లెక్క ఇది. అదే బృందంతో సీజన్లు దొరికితే వాటినే కోరుకోవాలి. లేదంటే మూడు నాలుగు గంటల చిన్న సీరియల్. అదీ లేకపోతే సినిమా తీసుకోవాలి, వాష్ చావుతో సహా. అక్క ఈ మూడోదానికి నేటికీ ఒప్పుకోదు, ఆ సినిమాను రెండోసారి చూడలేదు.

పోయిన నెల నా దగ్గర చదివే ఒక పిల్ల ఆ పెట్టె చూసి అడిగింది. నాలుగు డిస్కులూ ఇచ్చాను. "మేడమ్, సినిమా కూడా ఉందంట కదా?" అంది. ఉందని చెప్పాను. అది బీరువాలోనే ఉంచాను, వేసవి సెలవుల్లో వచ్చి తీసుకోమన్నాను.