బియ్యప్పిండి ఇంగువ: ఎనిమిది నెలలు వాడాక రాస్తున్నాను

యాభై గ్రాముల ఇంగువ డబ్బా గురించి ఇంత రాయాలా అనుకోకండి. ఈ డబ్బా కోసం మేం మూడు నెలలు వెతికాం. గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉన్న పిల్లలున్న ఇళ్ళలో ఎందుకో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం మొదటినుంచీ చెప్తాను.

మా పాపకి తొమ్మిదేళ్ళు. ఏడాదిన్నర క్రితం, సంక్రాంతి వెళ్ళిన వారానికి, ఇక్కడే గుంటూరు కొత్తపేటలో డాక్టరుగారు రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేయించి సీలియాక్ అని తేల్చారు. దానికి ముందు రెండేళ్ళుగా హిమోగ్లోబిన్ ఎక్కదు, ఎత్తు పెరగదు, సాయంత్రానికి పొట్ట ఉబ్బిపోయి గౌను హుక్కు పట్టేది కాదు. ఐరన్ సిరప్పులు సీసాలకి సీసాలు తాగించాం. గోధుమ, బార్లీ, రై అనే గింజల్లో ఉండే గ్లూటెన్ వల్ల పేగు లోపలి పొర దెబ్బతింటుందనీ, దీనికి మందు లేదనీ, జీవితాంతం ఆ గింజలు మానడమే వైద్యమనీ చెప్పారు. ఉత్తరాదిన ఎక్కువ, మన వైపు తక్కువ కాబట్టి చాలామందికి ముందు ఈ అనుమానం రాదట.

ఆ రోజు ఆటోలో ఇంటికొస్తూ నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. మనం అన్నం తినేవాళ్ళం. చపాతీ, పూరీ, బ్రెడ్డు, బిస్కెట్లు, బొంబాయి రవ్వ ఉప్మా, సేమియా పాయసం మానేస్తే సరిపోతుంది కదా అని. అన్నీ మానేశాం. ఎండాకాలంలో మా అత్తయ్య కాచే బార్లీ నీళ్ళు కూడా ఆపేశాం. ఆర్నెల్ల తర్వాత జూలైలో మళ్ళీ పరీక్ష చేయిస్తే రక్తంలో ఈ జబ్బుని పట్టిచ్చే టీటీజీ అనే నంబరు దిగాల్సినంత దిగలేదు. డాక్టరుగారు కోప్పడలేదు. "ఇంట్లోకి ఎక్కడినుంచో వస్తోందమ్మా, ప్యాకెట్లన్నీ ఒకచోట పెట్టి చదవండి" అన్నారు.

ఆ రాత్రి వంటింటి గట్టు మీద ప్యాకెట్లన్నీ పరిచాను. ఫోన్లో ఫోటో తీసి, పెద్దది చేసి ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చాను. కార్న్‌ఫ్లేక్స్‌లో బార్లీ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఉంది. మొక్కజొన్నే కదా అని అప్పటిదాకా నిశ్చింతగా పెట్టాను. ఫ్రైడ్ రైస్‌కి వాడే సోయా సాస్‌లో గోధుమ. రాగి సేమియా ప్యాకెట్ ముందు రాగి కంకి బొమ్మ, వెనక రాగిపిండి పక్కనే గోధుమపిండి. చివరికి, పోపుల డబ్బా పక్కన ఎప్పుడూ ఉండే ఇంగువ డబ్బా. దాని మీద బంక, గోధుమపిండి, ఇంగువ అని ఆ వరుసలోనే రాసి ఉంది. బరువులో ఏది ఎక్కువుంటే దాన్ని ముందు రాయాలన్నది రూలు. అంటే మేం ఇంగువ అని కొంటున్న దాంట్లో ఇంగువ కంటే గోధుమపిండే ఎక్కువ. మా పెళ్ళైనప్పటినుంచీ అదే కంపెనీ డబ్బా. ఒక్కసారైనా తిప్పి చూడలేదు.

అసలు ఇంగువ అనేది ఒక మొక్క వేరు నుంచి కారే జిగురు. అఫ్గానిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్ నుంచి మనకి వస్తుంది. మన దగ్గర 2020లో హిమాచల్ లాహౌల్ లోయలో నాటడం మొదలుపెట్టారు. ముడి జిగురు ఘాటు తట్టుకోలేం, ధరా ఎక్కువే, అందుకని పిండి, తుమ్మ బంక కలిపి అమ్ముతారు. ఆ పిండి బియ్యానిదైతే మాకు బాధే లేదు, మైదా అయితేనే.

చిటికెడుకి ఏమవుతుందని మా ఆడపడుచు అడిగింది. నేనూ అదే అనుకున్నాను కాబట్టి కాగితం మీద లెక్క వేసుకున్నాను. పావు చెంచా ఇంగువ అర గ్రాము అనుకుందాం. అందులో సగం మైదా అనుకుంటే పావు గ్రాము. మైదాలో గ్లూటెన్ పదోవంతుకి దగ్గరగా ఉంటుంది, అంటే ఇరవై, పాతిక మిల్లీగ్రాములు. మన దేశంలో ఒక వస్తువు మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. కిలో మొత్తానికి ఉండాల్సింది నా ఒక్క పోపులోనే పడుతోందన్నమాట. గిన్నెడు పప్పుని నలుగురం పంచుకుంటాం, నిజమే. కానీ పప్పులో ఇంగువ, చారులో ఇంగువ, శనివారం పులిహోరలో ఇంగువ, పెరుగన్నంలోకి మాగాయ, అందులోనూ ఇంగువే. రోజూ, మూడు పూటలా.

ఆ వారమే పోపుల డబ్బా గిన్నెలన్నీ ఖాళీ చేసి, వేణ్ణీళ్ళతో కడిగి, ఎండబెట్టి, అన్నీ కొత్తగా నింపాను. మా అత్తయ్య మే నెలలో పెట్టిన మాగాయ జాడీ పాపకి అందకుండా పై అరలోకి ఎక్కించి, దాని కోసం చిన్న సీసాలో ఇంగువ లేకుండా కొంచెం మాగాయ కలిపి పెట్టాను. రెండు ముద్దలు తిని, "నాయనమ్మది ఇలా ఉండదు" అంది. మా అత్తయ్య ఆ పూట అన్నం సరిగా తినలేదు.

తర్వాత వెతుకులాట. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం, పెద్ద సూపర్ మార్కెట్లన్నీ తిరిగాం. కొన్నింటి మీద "ఎడిబుల్ ఫ్లోర్" అని మాత్రమే ఉంటుంది, ఏ పిండో ఉండదు. విజయవాడ వెళ్ళినప్పుడు వన్‌టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర మసాలా దినుసుల కొట్లో ముద్ద ఇంగువ అడిగాను. ముద్దైతే శుద్ధంగా ఉంటుందని ఎవరో చెప్పారు. ఆ కొట్టాయన ముద్ద చేతిలోకి తీసుకుని, "అమ్మా, ముద్దలో కూడా పిండి కలుపుతారు. ఇందులో ఏ పిండి ఉందో నేను ఒట్టేసి చెప్పలేను. పిల్లకి జబ్బు అంటున్నారు, దీన్ని మీకు ఇవ్వను" అన్నాడు. వచ్చిన బేరం వదులుకుని మరీ, లోపలి అర వెదికి ఈ ఆకుపచ్చ మూత డబ్బా తీసిచ్చింది ఆయనే. అక్టోబర్‌లో కొన్నాను. ఇప్పుడు వాడుతున్నది ఐదో డబ్బా.

డబ్బా వెనక రాసినవి నాలుగే: బియ్యప్పిండి, తుమ్మ బంక, ఇంగువ, వంటనూనె. ముందువైపు గ్లూటెన్ ఫ్రీ అని ఉంది. అయినా అదే ఫ్యాక్టరీలో గోధుమది కూడా ఆడుతుంటే పిండి తగులుతుందేమోనన్న టెన్షన్ పోలేదు. డబ్బా మీది నంబరుకి ఫోన్ చేశాను. రెంటికీ మిషన్లు వేరనీ, గదులు వేరనీ చెప్పి, సాయంత్రానికి వాట్సాప్‌లో ల్యాబ్ రిపోర్టు పంపారు. కిలోకి 20 లోపే ఉంది. అడిగితే విసుక్కోకుండా పంపడం నాకు బాగా నచ్చింది. మీరు ఏది కొన్నా ఇలా అడగండి.

రుచి సంగతి. పొడి లేత పసుపు, చాలా మెత్తన. మూత తీయగానే గుప్పున కొట్టే వాసన పాతదానంత ఉండదు. మొదటిరోజు టమాటా చారులో పాత లెక్కన వేస్తే తేలిపోయింది. ఇప్పుడు ఒకటిన్నర రెట్లు వేస్తున్నాను. ఇది నూనెలో తొందరగా మాడుతుంది, అది గుర్తుపెట్టుకోవాలి. ఆవాలు చిటపటలాడి, ఎండుమిరపకాయ రంగు తిరిగాక పొయ్యి కట్టేసి, ఆ వేడి మీదే ఇంగువ వేసి ఒక్కసారి గరిటె తిప్పితే చాలు, వీధి గుమ్మం దాకా వాసన వస్తుంది. కందిపప్పులోకి, గోంగూర పచ్చడిలోకి ఏ వంకా లేదు. పులిహోరలో మాత్రం చింతపండు పులుసు ఉడికేటప్పుడు సగం, చివరి పోపులో సగం వేస్తేనే తెలుస్తుంది. మజ్జిగలో పచ్చిగా కలిపితే అడుగున కొంచెం పిండి దిగుతుంది, నాకైతే నచ్చలేదు.

ఇక లోపాలు. ధర 125 రూపాయలు, మామూలుదానికంటే నలభై దాకా ఎక్కువ. వెనక అక్షరాలు ఆవగింజంత కూడా లేవు, అద్దం పెట్టుకున్నా మా అత్తయ్య చదవలేరు. అన్నిటికంటే పెద్ద లోపం వేరే ఉంది. కంపెనీ పేరు ఎందుకు రాయలేదని అడుగుతారు, అందుకే. ఇదే కంపెనీ ఇదే సైజు డబ్బాలో, ఇదే బొమ్మతో గోధుమపిండి ఇంగువ కూడా అమ్ముతోంది. మూత రంగొకటే తేడా. ఫిబ్రవరిలో మావారు పేరు చూసి పసుపు మూతది తెచ్చారు. ఒక పూట పప్పులో పడేదే. మూత తీసే ముందు తిప్పి చూడటం అప్పటికే అలవాటైంది కాబట్టి ఆగింది. కంపెనీకి రాశాను, రంగులు పూర్తిగా మార్చమని. ఇంతవరకూ మార్చలేదు. పేరు చెప్తే మీరూ పేరు చూసే కొంటారు. పేరు వదిలేయండి, వెనక చదవండి.

చదివేటప్పుడు నేను చూసేవి ఇవి. ముందు "కంటైన్స్" అని మొదలయ్యే అలర్జీ లైను. అందులో వీట్, బార్లీ, గ్లూటెన్ అని ఏది కనిపించినా అక్కడే పెట్టేస్తాను. ఆ లైను లేకపోతే మొత్తం జాబితా చదువుతాను. మైదా, రిఫైన్డ్ వీట్ ఫ్లోర్, ఆటా, సూజీ, సెమోలినా, దలియా, అన్నీ గోధుమే. మాల్ట్ అని ఉంటే బార్లీ అనే లెక్క, పిల్లల పాలలో కలిపే పొడుల్లో ఇది ఎక్కువ. మాల్టోడెక్స్‌ట్రిన్ చూసి నేను మొదట చాలా భయపడ్డాను. అది మాల్ట్ కాదు, ఎక్కువగా మొక్కజొన్న పిండి నుంచి చేస్తారు. "వీట్ ఫ్రీ" అన్నంత మాత్రాన సరిపోదు, బార్లీ ఉండొచ్చు. సాంబారు పొడి, చిప్స్ మసాలా ప్యాకెట్లలో అసఫోటిడా (ఇంగువకి ఇంగ్లీషు పేరు) అని ఒక్క మాట కనిపిస్తే, అందులోని పిండి ఏదో తేలేదాకా కొనను. సాంబారు పొడి ఇప్పుడు ఇంట్లోనే కొడుతున్నాను. బియ్యప్పిండి కూడా మర దగ్గర ఆడించడం లేదు. మాకంటే ముందు గోధుమలు పోసి ఉంటే ఆ పిండి మరలోనే ఉంటుంది. మిక్సీలో పట్టుకుని జల్లించుకుంటున్నాను.

ఏప్రిల్‌లో పాప నంబరు మామూలు స్థాయికి దిగింది. ఇంగువ ఒక్కటి మార్చడం వల్లే అని చెప్పను, కార్న్‌ఫ్లేక్స్, సాస్, రాగి సేమియా అన్నీ ఒకేసారి మానేశాం. హిమోగ్లోబిన్ 11 దాటింది. పోయినేటి గౌన్లు పొట్టివయ్యాయి.

మే నెలలో మా అత్తయ్య మామిడికాయలు తరిగి, ఉప్పులో ఊరేసి, డాబా మీద ఎండబెట్టారు. కారం, మెంతిపిండి కలిపాక పోపు పెట్టడానికి నన్ను పిలిచి, "ఆ ఆకుపచ్చ మూతది తేమ్మా" అన్నారు. నూనె కాగాక డబ్బాలో సగం దాకా ఆవిడే చేత్తో వేశారు. ఈ ఏడు మా ఇంట్లో మాగాయ జాడీ ఒక్కటే.