పైథాన్ ట్యూటర్: అర్రేలో లూప్ ఎలా తిరుగుతుందో చూడాలంటే

పేరు చూసి ఇదేదో పైథాన్ కోర్సు అనుకుంటారు, కాదు. మన కోడ్ పేస్ట్ చేస్తే ఒక్కో లైను నడిచినప్పుడు మెమరీలో ఏం జరుగుతోందో బొమ్మ గీసి చూపించే వెబ్‌సైట్ ఇది. ఫిలిప్ గువో అనే ప్రొఫెసర్ తయారుచేశారు, 2010 నుంచి ఉంది, సి, సి++, జావా, జావాస్క్రిప్ట్ కూడా నడుస్తాయి. డబ్బులు కట్టక్కర్లేదు, లాగిన్ గొడవా లేదు.

మన బీటెక్ ఫస్టియర్ పిల్లలు ఐదు మార్కుల్ని అర్రేలో (వరుసగా విలువలు దాచుకునే గళ్ళు) పెట్టి ఫర్ లూప్‌తో (ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించేది) ప్రింట్ చేసే ప్రోగ్రామ్‌ని బట్టీ పట్టేస్తారు. వైవాలో "లూప్ అయిపోయాక ఐ (ఎన్నో గడిలో ఉన్నామో లెక్కపెట్టే వేరియబుల్) విలువ ఎంత?" అని అడిగితే మాత్రం టెన్షన్. ఇందులో గళ్ళు వరుసగా, వాటికి 0 నుంచి 4 దాకా నంబర్లతో కనిపిస్తాయి, నెక్స్ట్ నొక్కినకొద్దీ ఐ ఒక్కొక్కటే పెరిగి చివరికి 5 అయ్యాక, కండిషన్ తప్పి లూప్ ఆగిపోవడం మన ముందే జరుగుతుంది. అర్థం కాకపోతే ప్రీవ్ నొక్కి వెనక్కి రావచ్చు, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. సి ఫంక్షన్‌లో విలువలివ్వకుండా అర్రే డిక్లేర్ చేస్తే గళ్ళలో ప్రశ్నార్థకాలు వస్తాయి, అంటే ఇంకా ఏ విలువా పెట్టలేదని. అందులో సున్నాలే ఉంటాయని వాదించే సీనియర్‌కి ఓసారి చూపించండి.

అసలు మజా పైథాన్‌లో ఉంది. మూడు సున్నాల లిస్టుని (పైథాన్‌లో అర్రే లాంటిది) ఇంకో లిస్టులో పెట్టి మూడుతో గుణిస్తే గ్రిడ్ తయారైపోయిందనుకుంటాం, తీరా మొదటి వరుసలో ఒక్క గడి మారిస్తే మూడు వరుసలూ మారిపోతాయి! ఎందుకో నోటితో చెప్పాలంటే అరగంట పడుతుంది, ఇక్కడైతే ఒకే లిస్టు వైపు మూడు బాణాలు కనిపిస్తాయి, అంతే. అదే లూప్ పెట్టి ప్రతిసారీ కొత్త లిస్టు తయారుచేసి అపెండ్ చేస్తే (చివర చేరిస్తే) మూడు బాణాలు మూడు వేరే లిస్టుల వైపు పోతాయి.

ఇక లోపాలు. పైథాన్ కోడ్ 1000 స్టెప్పులు దాటితే ఆపేస్తుంది, కాబట్టి పెద్ద సార్టింగ్ ప్రోగ్రాములు ఇక్కడ పెట్టి లాభం లేదు, ఐదారు విలువలతో చూసుకోండి. ల్యాబ్ ప్రోగ్రామ్ పెట్టేటప్పుడు స్కాన్‌ఎఫ్ (సి లో కీబోర్డు నుంచి విలువలు తీసుకునే ఫంక్షన్) తీసేసి విలువలు కోడ్‌లోనే రాసేసుకోవడం నయం. ఇంకోటి, ఇది చూసి అర్థం చేసుకోవడానికే, ప్రాక్టీసుకి కాదు, నెక్స్ట్ నొక్కుతూ కూర్చుంటే కోడ్ రాయడం రాదు.

నా రేటింగ్ ఐదుకి నాలుగు. ఫోన్‌లో మాత్రం తెరవకండి, కోడ్ ఓ పక్క, బొమ్మ ఓ పక్క ఉంటాయి కాబట్టి చిన్న స్క్రీన్ మీద జరుపుకుంటూ చూడటం మహా చిరాకు. ల్యాప్‌టాప్ లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో ఖాళీ ఉన్నప్పుడు చూసుకోండి.